మన్యపు బిడ్డకు వకీలు వలదా?

జూన్ మాసము వచ్చినదన్న పాడేరు కచేరీల వసారాలలో ఒకే దృశ్యము కానవచ్చును. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితములను చంకనిడుకొని కొండమీది పల్లెనుండి దిగివచ్చిన తండ్రియు, అతని వెనుక పన్నెండేండ్ల పిల్లయు ఉదయమునుండి నిలుచుండి యుందురు. పాత బడివారు టీసీ ఇయ్యలేదు. టీసీ లేనిదే చేర్చుకొనమని కొత్త బడివారు త్రిప్పి పంపిరి. లోపలి గుమాస్తా, "సారు మీటింగులో ఉన్నారు, సంతనాడు రా" అనును. తండ్రి తలయూపి వెడలిపోవును. సంతనాటికి చేరిక గడువు తీరిపోవును. పిల్ల ఆ యేడు మేకల వెంట పోవును. మరుసటి యేట బడి యూసే యుండదు.

ఇందెవ్వరును ఎవ్వరినీ కొట్టలేదు, దోచుకొనలేదు. అయినను ఒక చదువు చచ్చినది. ఆ తండ్రికి హక్కు లేక చచ్చినదా? లేదు. 2009వ సంవత్సరపు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 5వ సెక్షనులో, బడి మారగోరు బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్రము నీయవలెననియు, ఆ పత్రము రాలేదను కారణమున ప్రభుత్వ పాఠశాల చేరికను ఆలస్యము చేయుటగాని నిరాకరించుటగాని కూడదనియు, జాప్యము చేసిన ప్రధానోపాధ్యాయుడు క్రమశిక్షణ చర్యకు పాత్రుడనియు వ్రాసియున్నది. ఇన్ని మాటలు చట్టములో నుండగా, వానిలో నొక్కటియైనను గుమాస్తా చెవిని వేయగల గొంతు ఆ తండ్రి ప్రక్క లేకపోయెను. అట్టి గొంతును తల్లిదండ్రులు ఎప్పుడు వెదకుకొనవలయును, ఎప్పుడు వెదకుకొన నక్కరలేదు, దానిని వారికి సమకూర్చు బాధ్యత ఎవ్వరిది అనునదే నేడు మేము చర్చింపబూనిన విషయము.

ఈ మాట యెత్తినంతనే మనలో కొందరు పెద్దలు ముఖము చిట్లింతురని మే మెరుగుదుము. "గిరిజనునకు ప్రభుత్వమే తల్లిదండ్రి. బడి కట్టినది, బువ్వ పెట్టినది, బట్ట యిచ్చినది. తల్లికిని బిడ్డకును నడుమ వకీలెందుకు?" అని వారందురు. వినుటకు ఇంపైన మాటయే. కాని ఒక్క సంగతి వారు మరచిరి. మైదానమున నొక పిల్లవానికి పాఠశాలతో తగవు వచ్చిన, వాడు సాయంకాలమునకు తన యింటికి పోవును. వాని తండ్రి మరునాడు మరియొక బడి వెదకును. మన్యమున ఆశ్రమ పాఠశాల బిడ్డకు బడియు ఇల్లును ఒక్కటే. చదువు చెప్పువారు, అన్నము పెట్టువారు, జ్వరము వచ్చిన ఆసుపత్రికి కొనిపోవలసినవారు, ఫిర్యాదు వచ్చిన విచారింపవలసినవారు, అందరును ఒకే శాఖవారు. ఎవరిపై తగవున్నదో వారే తీర్పరులుగా నున్నచోట, బిడ్డ పక్షమున నిలుచువాడు బయటివాడు కాక తప్పదు. తల్లి ప్రేమను మేము శంకించుట లేదు; తల్లి తనపై తానే విచారణ జరుపుకొనుటను మాత్రము ఒప్పుకొనజాలము.

మన్యమునకును న్యాయస్థానమునకును గల దూరము నిన్న పుట్టినది కాదు. 1839లో ఆంగ్ల ప్రభుత్వమువారు 24వ చట్టము చేసి, గంజాము విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి, కలెక్టరునే గవర్నరుగారి ఏజంటుగా నిలిపి సర్వాధికారములు నాతని చేతబెట్టిరి. నేటికిని మన నోట నానుచున్న 'ఏజన్సీ' అను పేరు ఆనాటి ఏజంటు పేరే. కొండవాడు అమాయకుడు, వానికి కోర్టులు పనికిరావు, దొరయే వాని మొర వినునని అప్పుడు చెప్పిన మాట. దొర విన్న మొర యెట్టిదో 1922 ఆగస్టులో తేలినది. అడవిపై ఆంక్షలు, రోడ్డుపనిలో వెట్టి, చాలీచాలని కూలి, ఎంత మొత్తుకున్నను ఆలకింపని అధికారులు, ఇన్నియు కూడిన పిదపనే చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై అల్లూరి సీతారామరాజు విల్లెత్తెను. 2022లో ఆ వీరుని పేర జిల్లా యేర్పడి పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. పేరు మారినది, జెండా మారినది. "సారు మీటింగులో ఉన్నారు" అను మాట మారలేదు. దొర దయకు బదులు చట్టపు హక్కు నిలుచుటయే స్వరాజ్యమైనచో, ఆ హక్కు నడుగు నేర్పు కొండవానికి లేకుండ చేయుట ఏమనవలె?

మనము కోర్టుకు పోకున్న కోర్టు మన జోలికి రాదని తలచుటయు పొరపాటే. షెడ్యూలు ప్రాంతముల బడులలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే చెందవలెనని 2000వ సంవత్సరము జనవరిలో ప్రభుత్వము 3వ నెంబరు ఉత్తర్వు వెలువరించెను. కొండభాష తెలిసిన గురువు దొరికినగాని కొండబిడ్డకు అక్షరము అంటదని దాని యుద్దేశము. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నూటికి నూరు పాళ్ల రిజర్వేషను రాజ్యాంగమునకు విరుద్ధమని దానిని కొట్టివేసెను. అప్పటికే నియమింపబడినవారిని మాత్రము షరతులతో నిలువనిచ్చెను. తీర్పు మంచిచెడ్డలు వేరొకనాడు చర్చింతుము. ఇచట గ్రహింపవలసినది, మన్యపు బడిలో ఎవ్వరు పాఠము చెప్పవలెనన్న ప్రశ్న సంతలో గాక ఢిల్లీలో తేలినదని. అనంతగిరి మండలపు గనుల కవుళ్లపై 1997లో వచ్చిన సమతా తీర్పు గిరిజనునకు అనుకూలముగా వచ్చినది. ఇది ప్రతికూలముగా వచ్చినది. వాదము నడుచుచోట మనవారు సమర్థులైన వాదులతో నిలుచుట విలాసము కాదని రెండును చెప్పుచున్నవి.

అట్లని ప్రతి చిన్న తగవునకును ప్లీడరు నల్లకోటు వెదకుడని మేము చెప్పబోము. పంతులు గదిమినాడని, పప్పు పలుచనైనదని, ఇరువురు పిల్లలు కలబడి చొక్కాలు చింపుకొన్నారని వకీలువద్దకు పరుగెత్తుట మూర్ఖత. ఇట్టివి ప్రధానోపాధ్యాయుని యెదుట, తల్లిదండ్రుల సంఘములో, ఊరిపెద్దల సమక్షమున తీరవలసినవి. ఆ పెద్దరికము మన్యమున నింకను బ్రతికియున్నందుకు మేము సంతసింతుము. మార్కులు తక్కువ వచ్చినవను తగవునకును కోర్టు చాల యెడముగ నుండును. నియమములలో లేని పునర్మూల్యాంకనమును విద్యార్థి హక్కుగా కోరజాలడని 1984లోను, జవాబులను న్యాయమూర్తులు తామే దిద్దబూనరాదని 2017లోను సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అయితే దిద్దిన తన జవాబు పత్రమును సమాచారహక్కు చట్టము క్రింద చూచుకొను అధికారము విద్యార్థికి కలదని 2011లో ఆ న్యాయస్థానమే తీర్పిచ్చినది. అందులకు వకీలు వలదు. ఒక దరఖాస్తు చాలును. తప్పుగా కూడిరని కంటికి కనబడిన పిదప ఆలోచింపవచ్చును.

వకీలునకు ముందు కాగితము. ఇది మా మొదటి సూత్రము. నోటిమాటతో పోయిన ఫిర్యాదు ఘాటురోడ్డుపై పొగమంచు వంటిది, పొద్దెక్కునప్పటికి ఉండదు. ఏమి జరిగెనో, ఏ తేదీన జరిగెనో, ఏమి కోరుచున్నారో నాలుగు పంక్తులు వ్రాయించి, రెండు ప్రతులు చేసి, ఒకదానిపై ముద్రయు తేదీయు వేయించుకొని దాచుకొనవలెను. విద్యాహక్కు చట్టము 32వ సెక్షను క్రింద అట్టి వ్రాతమూలకమైన ఫిర్యాదును స్థానికాధికారి ఇరుపక్షముల విని మూడు నెలలలో తేల్చవలెను. తేల్చినది నచ్చనిచో బాలల హక్కుల రాష్ట్ర కమిషనుకు అప్పీలున్నది. ముద్రపడిన కాగితము లేనివానికి ఈ ద్వారము లేవియు తెరచుకొనవు. ఎంతటి న్యాయవాదియైనను అతడు మొదట నడుగునది ఆ కాగితమునే.

ఇక ఎప్పుడు జాగు చేయరాదు? మొట్టమొదటిది, గడువు తేదీతో కూడిన తగవు. సీటు, పరీక్ష, హాలుటికెట్టు, కౌన్సెలింగు, ఇవి వాయిదా నెరుగవు. 2019 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశమునుండి పోయిన యొక వైద్యవిద్యా సీటు వివాదములో తీర్పు చెప్పుచు, తన తప్పు లేకుండ సీటు పోగొట్టుకొన్న యోగ్యురాలికి నష్టపరిహారముతో సరిపుచ్చనక్కర లేదనియు, అరుదైన సందర్భములలో అదే యేట గాని మరుసటి యేట గాని సీటే యిప్పింపవచ్చుననియు పలికెను. కాని ఒక నిబంధన పెట్టెను: ఆ విద్యార్థి యేమాత్రము జాగు చేయక కోర్టు తలుపు తట్టియుండవలెను. 2024లో ఉత్తరప్రదేశమున నొక దినకూలి కొడుకునకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చెను. గడువులోగా 17,500 రూపాయలు కట్టలేకపోయినందున అది చేజారెను. ఆ బాలుడు ఝార్ఖండు న్యాయసేవాధికార సంస్థను, మద్రాసు హైకోర్టును, తుదకు సుప్రీంకోర్టును ఆశ్రయించెను. ఆ సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు అతనిని చేర్చుకొమ్మని యాజ్ఞాపించెను. ఆ తండ్రి "మన నుదుట లేదు" అని కూలికి పోయియున్నచో నేడా బాలుడెక్కడ? పాడేరులోనే 2024లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరచుకొన్నది. సీట్ల తగవులు ఇకమీద ఎక్కడనో పట్టణములలోని వార్తలు కావు. మన గుమ్మములోని వార్తలు.

రెండవది, విద్యార్థిని వెళ్లగొట్టుట. ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ బిడ్డనైనను బడినుండి తొలగించుటకు విద్యాహక్కు చట్టము ఒప్పుకొనదు. ఆపై తరగతులలోను కళాశాలలలోను తప్పు మోపి దండింపదలచినచో ముందు ఆ తప్పేదో తెలిపి సమాధానము వినవలెను. కాపీ కొట్టినారని విద్యార్థులను విచారింపకయే ఫలితములు రద్దుచేయుట చెల్లదని 1962లోనే సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశపు పరీక్షాసంఘమునకు చెప్పియున్నది. అరువదియేండ్లు దాటినను కొన్ని విద్యాలయముల ప్రధానులకు ఆ మాట యింకను చేరలేదు. "నా కుమారుడు ఇష్టపూర్వకముగా బడి మానుచున్నాడు" అని తెల్లకాగితముపై వేలిముద్ర వేయమనునప్పుడే తండ్రి చేయి వెనుకకు తీసుకొనవలెను. వకీలును వెదకవలసిన గడియ అదే. ముద్ర పడిన పిదప పని పదింతలగును.

మూడవది, పత్రముల తగవు. ఫీజు బాకీ యున్నదని అసలు సర్టిఫికెట్లను కళాశాలవారు బీరువాలో బిగించుట మన పట్టణములలో వాడుకైపోయినది. విద్యార్థుల అసలు పత్రములను తమయొద్ద నుంచుకొనరాదని యూజీసీ 2016లోనే విశ్వవిద్యాలయములకును కళాశాలలకును చెప్పినది. బాకీని రాబట్టుకొనుటకు వేరు మార్గములున్నవి. బిడ్డ భవిష్యత్తును తాకట్టు పట్టుట మార్గము కాదు. వీనికంటె ప్రమాదకరమైనది కులధ్రువీకరణ పత్రముపై నోటీసు. దొంగ పత్రములతో గిరిజనుల సీట్లను కాజేయువారిని పట్టుకొనుట అత్యవసరము. అందులకే 1993లో మన రాష్ట్రమున 16వ చట్టము వచ్చెను, 1994లో సుప్రీంకోర్టు మాధురీ పాటిల్ తీర్పులో విచారణ పద్ధతిని నిర్ణయించెను. కాని అదే వల నిజమైన కొండబిడ్డ కాలికిని చుట్టుకొనవచ్చును. తాతల కాలపు కాగితము లేనివాడు, పేరు నొక్కొక్కచోట నొక్కొక్క తీరున వ్రాయబడినవాడు, ఆ నోటీసును మడిచి చూరులో దోపినచో చదువు మాత్రమే కాదు, రేపటి యుద్యోగమును పోవును. ఆ నోటీసునకు జవాబిచ్చు గడువు దినములలో లెక్కింపబడును. చేతికందిన నాడే న్యాయవాదికి చూపవలెను.

నాలుగవది వ్రాయుటకు మా కలము వెనుదీయుచున్నది, వ్రాయక తప్పదు. బిడ్డ ఒంటిపై చేయి పడినప్పుడు, బిడ్డ గాయపడినప్పుడు, వసతిగృహములో బిడ్డ ప్రాణము పోయినప్పుడు, ఇక పెద్దమనుషుల పంచాయితీ లేదు, రాజీ లేదు. ఆశ్రమ పాఠశాలలలో జ్వరముతో బిడ్డలు మరణించిన వార్తలు వర్షాకాలము వచ్చినదన్న పత్రికలకెక్కుచునే యున్నవి. అట్టి దినమున తల్లి శోకమున మునిగియుండగా నెవ్వరో వచ్చి కొంత సొమ్ము చేతబెట్టి, "ఎవరిమీదను మాకు అనుమానము లేదు" అని వ్రాసిన కాగితముపై ముద్ర వేయించుకొని పోవుటకంటె ఘోరము మే మెరుగము. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము నేరము తెలిసినవాడు పోలీసులకు తెలుపకుండుటయే నేరము; తన క్రింది యుద్యోగి చేసిన దానిని దాచిన సంస్థాధిపతికి ఏడాదివరకు జైలున్నది. ఇంటిలోనే రాజీ చేసికొనుడని సలహా చెప్పువాడు బిడ్డకు హితుడు కాడు, నేరమును కప్పువాడు. ప్రథమ సమాచార నివేదిక నకలు ఉచితముగా నడిగి తీసికొనవలెను. వైద్యపరీక్ష, శవపరీక్ష కాగితములను, వసతిగృహపు హాజరు, రోగుల పుస్తకముల నకళ్లను వెంటనే కోరవలెను. పుస్తకములు తిరిగి వ్రాయుటకు ఒక రాత్రి చాలును. బాధిత బాల పక్షమున న్యాయవాదిని పెట్టుకొను హక్కును, లేనివారికి ఉచితముగా నిచ్చు ఏర్పాటును ఆ చట్టము 40వ సెక్షనే కల్పించినది. మానవహక్కుల కమిషనుకు పోదలచినవారు ఏడాది దాటనీయరాదు. దాటినచో కమిషను విచారింపజాలదు.

ఇన్నియు విని, "వకీలు ఫీజు ఎవడిచ్చును?" అని పాఠకు లడుగుదురు. ఎవ్వరును ఇయ్యనక్కరలేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల అధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము షెడ్యూల్డు తెగవానికి, షెడ్యూల్డు కులమువానికి, ప్రతి స్త్రీకి, ప్రతి బిడ్డకు ఉచిత న్యాయసహాయము హక్కు. వారి యాదాయ మెంత యని అడుగు పనియే లేదు. చూడుడీ విచిత్రము! మన్యపు బాలికకు ఈ హక్కు మూడు విధముల సంక్రమించినది: గిరిజనురాలగుటచే నొకసారి, బాలయగుటచే నొకసారి, స్త్రీయగుటచే నొకసారి. మూడింతలు హక్కున్న బిడ్డ మూడింతలు దిక్కులేక నిలుచుండుట మన పరిపాలన ప్రతిభ! గిరిజనుల హక్కుల రక్షణకై 2015లో జాతీయ న్యాయసేవల సంస్థ ప్రత్యేక పథకమునే ప్రకటించినది. 15100 అను నెంబరుకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. ఇవన్నియు కాగితమున నున్నవి. ఫోను గంట మ్రోగుటకు టవరు లేని పల్లెలకు ఈ సంగతి ఎవరు మోసికొనిపోయిరి?

"వకీళ్లు జలగలు, ఒక్కసారి పట్టిన విడువరు" అని మరికొంద రందురు. అట్టివారు లేరని మేము వాదింపము. సీటిప్పింతునని, పరిహారములో సగము నాదని ఆసుపత్రి గుమ్మమున తిరుగు దళారిని దరిజేరనీయరాదు. తనకు ముట్టజెప్పవలసిన వాటాను ముందే బేరమాడువాడు న్యాయవాది కాడు, వ్యాపారి. "వకీలు వచ్చిన పంతులు బెదరును, బడి చెడును" అని ఇంకొక వాదము. నిజాయితీగల పంతులు బెదరడు. నిజమునకు, చాలీచాలని సిబ్బందితో వందలాది బిడ్డలను సాకుచు, నర్సు లేక తానే జ్వరము చూచుచు నలిగిపోవు ఉపాధ్యాయునకు న్యాయవాది మిత్రుడే. తప్పు ఏ కుర్చీలో నున్నదో కాగితముపై తేలునది అప్పుడే. విచారణ లేనిచోట చిన్న యుద్యోగిని సస్పెండు చేసి పెద్ద లోపమును కప్పుదురు. బిడ్డకును న్యాయము జరుగదు, పంతులునకును జరుగదు.

కావున మేము కోరునవి కొలది. పాడేరు సంతనాడు ఉచిత న్యాయవాది యొకడు కచేరీ మెట్లమీద గాక సంతలోనే బల్ల వేసికొని కూర్చుండవలెను. కువి, ఆదివాసీ ఒడియా తెలిసిన సహాయకులు గిరిజన యువతలోనుండియే అతని ప్రక్క నుండవలెను. ప్రతి ఆశ్రమ పాఠశాల గోడపై అన్నముపట్టికతో పాటు ఉచిత న్యాయసహాయపు హక్కును పెద్ద యక్షరములతో వ్రాయవలెను. బిడ్డకు ప్రమాదము జరిగిన నాడు తల్లిదండ్రులకు కబురుతో పాటు న్యాయసేవాసంస్థకును కబురు పోవలెను. న్యాయవాది యెదుట గాక తల్లిదండ్రులనుండి తీసికొన్న ఏ రాజీనామా కాగితమును అధికారులు గుర్తింపరాదు. ఇందు కొత్త చట్టమేదియు మే మడుగుట లేదు. ఉన్నవానిని కొండ యెక్కింపుడని మాత్రమే యడుగుచున్నాము.

ప్రభుత్వము వినువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనేల? ఈ పత్రికను పఠనమందిరమున చదువు ప్రతివానికి నాలుగు పంక్తులు వ్రాయు నేర్పున్నది. వారమున కొకపూట, సంతనాడు, గ్రంథాలయపు బల్ల యొకటి బయటకు తెచ్చి వేయుడు. వచ్చిన తండ్రికి అర్జీ వ్రాసిపెట్టుడు, రెండు ప్రతులు చేయుడు, ముద్ర వేయించుకొమ్మని చెప్పుడు, గడువు తేదీని ఎర్రసిరాతో గుర్తింపుడు. తేదీ దగ్గరపడిన కాగితమును చూచినయెడల ఆ తండ్రిని వెంటబెట్టుకొని న్యాయవాదియొద్దకు నడువుడు. పసుపు, మిరియములు తూకము వేయునప్పుడు కొండవాడు మోసపోరాదని మాటలాడుదుము. అతని బిడ్డ చదువు తూకమున తగ్గునప్పుడు మన మాటలేవి? ఈ జూన్ మాసమున నైనను ఆ వసారాలోని తండ్రి ఒంటరిగా నిలువకుండుగాక!